నేరం చెయ్యకముందే వచ్చినవాణ్ణి ఏం చేద్దాం?

ఈ టపా రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. రెండుసార్లు సగం రాసి చెరిపేశాను. మా ఆవిడైతే "నీకెందుకీ గోల, హాయిగా సినిమాల మీద రాసుకోక" అంది. ఆవిడ చెప్పిందీ నిజమే. ఈ విషయం మీద నోరు విప్పితే వినేవాళ్ళ కళ్ళలో ముందు కనపడేది అనుమానం. వీడికెందుకు ఇంత ఆసక్తి అని. అందుకే ఒక మాట ముందే చెప్పేసి మొదలుపెడతాను. పిల్లల మీద చెయ్యి వేసినవాడికి శిక్ష పడాల్సిందే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. పిల్లల విషయంలో "ఒప్పుకున్నారు" అనే మాటకి అర్థమే లేదు. "అదీ ఒక రకం ఇష్టమే కదా, సమాజం ఒప్పేసుకోవాలి" అని వాదించేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళతో నాకు పూర్తిగా పేచీ. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ మధ్య మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వార్త పెట్టారు. స్కూలు వ్యాను డ్రైవరు, ఆరేళ్ళ పాప... వివరాలు వద్దులెండి. పది నిమిషాల్లో నలభై మెసేజీలు. నడిబజార్లో ఉరి తీయాలని ఒకరు, ఎన్‌కౌంటర్ చెయ్యాలని ఒకరు, ఇలాంటి బుద్ధి ఉన్నవాళ్ళని ఏమీ చెయ్యకముందే ఏరి పారెయ్యాలని ఇంకొకరు. నేనూ ఒక బొటనవేలు గుర్తు పెట్టాను, అబద్ధమెందుకు. మా పాపకి ఏడేళ్ళు. ఆ వార్త చదివి చేతులు వణికాయి. ఆ రాత్రి నిద్ర పట్టక దొర్లుతుంటే, ఎప్పుడూ లేనిది, మా ఊరి లెక్కల మాస్టారు గుర్తొచ్చాడు.

మాది చిన్న టౌను. మా వీధి చివర ఆయన ఇంట్లోనే ట్యూషన్లు చెప్పేవాడు (ఇప్పటికీ నోటికి "ఆయన" అనే వస్తుంది, అలవాటు). మంచివాడని పేరు. డబ్బులివ్వలేనివాళ్ళకి ఊరికే చెప్పేవాడు. శ్రీరామనవమి పందిట్లో పానకం పంచేవాడు. మా అమ్మకి ఆయనంటే ఎంతో గౌరవం. కానీ పిల్లలందరికీ ఒక విషయం తెలుసు. ట్యూషన్ అయ్యాక ఆయన "నువ్వుండు, నీ లెక్క చూడాలి" అంటే ఒక్కళ్ళే ఉండకూడదు. ఇంకెవరో ఒకరు కంపాస్ బాక్సు మర్చిపోయినట్టు వెనక్కి వెళ్ళాలి. దీన్ని ఎవరు కనిపెట్టారో తెలీదు. పెద్ద క్లాసు వాళ్ళు చిన్న క్లాసు వాళ్ళకి అప్పజెప్పుకుంటూ వచ్చారు. పదేళ్ళ పిల్లలు తమకి తాము చేసుకున్న భద్రతా ఏర్పాటు అది. పెద్దవాళ్ళు ఒక్కళ్ళకీ తెలీదు. మా బాబాయి కొడుకు ఒకడు ఈ ఏర్పాటు సంగతి వాడి చెవిన పడకముందే ఆ ట్యూషన్లో చేరాడు. వాడికిప్పుడు నలభై దాటాయి. ఊరికొస్తే ఇప్పటికీ ఆ వీధిలోంచి రాడు, చెరువు గట్టు మీంచి చుట్టూ తిరిగి వస్తాడు. అంతకుమించి వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

మా పెద్దవాళ్ళు గుడ్డివాళ్ళు కారు. వాళ్ళ దగ్గర ఆయన్ని పట్టుకోడానికి సరిపోయే బొమ్మ లేదు, అంతే. పిల్లల్ని పాడుచేసేవాడంటే వాళ్ళ మనసులో ఉన్నది ఎర్ర కళ్ళ రాక్షసుడు, గోనెసంచితో వచ్చే ఊరూ పేరూ లేనివాడు. పానకం పంచే మాస్టారు ఆ బొమ్మలో ఎలా ఇముడుతాడు?

మన పేపర్ల భాష చూడండి. కామాంధుడు, కీచకుడు, మృగాడు. ఏ కేసైనా ఈ మూడు ముక్కలే. పాపం కీచకుడికి చిన్నపిల్లలతో ఏ సంబంధమూ లేదు, విరాటుడి బావమరిది, సైరంధ్రి వెంటపడి భీముడి చేతిలో చచ్చాడు. అయినా అన్నిటికీ ఆయనే. పెళ్ళైన స్త్రీని వేధించినవాడికీ, ఐదేళ్ళ పిల్ల మీద అఘాయిత్యం చేసినవాడికీ, అసలు ఏ నేరమూ చెయ్యకుండా తన బుర్రలో పుడుతున్న ఆలోచనలకి తానే జడుసుకుంటున్న ఇరవై ఏళ్ళ కుర్రాడికీ మన భాషలో ఒకటే మాట. మూడోవాడి సంగతే నేను రాయాలనుకుంటున్నది.

కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో ఒక పెద్ద అధ్యయనం బయటపెట్టింది. 13 రాష్ట్రాలు, 12,447 మంది పిల్లలు. ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవాళ్ళు 53 శాతం పైనే. ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవాళ్ళలో సుమారు సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళు, నమ్మకంగా అప్పజెప్పినవాళ్ళు. అంటే మన గేటు దగ్గర సెక్యూరిటీ వాడు రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని ఆపేవాళ్ళు కారు. మనమే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేవాళ్ళు.

ఇక్కడ సైకియాట్రీ వాళ్ళు చేసే ఒక విభజన ఉంది. నాకు ఇది కొత్తగా తెలిసినప్పుడు నాలుగుసార్లు చదువుకున్నాను. పీడోఫిలియా అంటే యుక్తవయసు రాని పిల్లల మీద లైంగిక ఆకర్షణ. అది మనసు స్థితి. పిల్లల మీద లైంగిక దాడి అంటే ఒక పని, నేరం. రెండూ ఒకటి కాదు. ఈ విషయం మీద ఎక్కువ పనిచేసిన కెనడా పరిశోధకుడు మైఖేల్ సీటో లాంటివాళ్ళు చెప్పేదాన్ని బట్టి, పిల్లల మీద నేరం చేసి శిక్ష పడ్డవాళ్ళలో సుమారు సగం మందికే ఈ ఆకర్షణ కనిపిస్తుంది. మిగతావాళ్ళు తాగుడు, అధికారం, అవకాశం, ఎవరూ అడగరన్న ధైర్యం లాంటి వేరే దారుల్లో వచ్చినవాళ్ళు. ఇటువైపు నుంచి చూస్తే, ఈ ఆకర్షణ ఉండి ఏ పిల్లనీ ఎన్నడూ ముట్టుకోనివాళ్ళూ ఉన్నారు. ఇది ఎవరూ కావాలని తెచ్చుకునేది కాదు. చాలామందికి టీనేజీలోనే బయటపడుతుంది. తోటివాళ్ళంతా తమ ఈడు పిల్లల గురించి మాట్లాడుకుంటుంటే తనకి మాత్రం ఇలా ఎందుకుందో అర్థం కాక, ఎవరికీ చెప్పుకోలేక అలాగే పెద్దవాడవుతాడు.

ఇప్పుడు వాడి వైపు నుంచి మన వాట్సాప్ గ్రూపు చదవండి.

జర్మనీలో సారా యాంకె అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2015లో రెండు సర్వేల ఫలితాలు ప్రచురించారు. పీడోఫిలియా ఉండి ఏ నేరమూ చెయ్యనివాళ్ళ గురించి మామూలు జనం ఏమనుకుంటారో అడిగారు. గమనించండి, నేరం చెయ్యనివాళ్ళ గురించి. వాళ్ళు చచ్చిపోతేనే మంచిది అన్న మాటకి మొదటి సర్వేలో 14 శాతం, రెండోదాంట్లో 28 శాతం అవునన్నారు. తాగుబోతుల మీద, సంఘవిద్రోహ స్వభావం ఉన్నవాళ్ళ మీద కూడా అంత కోపం కనిపించలేదు. ఇది చదివి నేను జనాన్ని తిట్టుకోలేదు. నేను పెట్టిన బొటనవేలు గుర్తు కూడా ఆ లెక్కలోకే వస్తుంది కదా.

ఆ అసహ్యం వల్ల పిల్లలకి రక్షణ పెరిగితే నాకు అభ్యంతరమే లేదు, ఇంకాస్త అసహ్యించుకుందాం అనేవాణ్ణి. పెరుగుతుందా అన్నదే ప్రశ్న. "నువ్వు బతకడం దండగ" అని రోజూ వినేవాడు ముందు చేసే పని దాక్కోవడం. స్నేహితుల్ని తగ్గించుకుంటాడు, పెళ్ళి మాటెత్తితే పారిపోతాడు, డిప్రెషన్, తాగుడు, చచ్చిపోవాలన్న ఆలోచన. నేరం చేసి శిక్షపడ్డవాళ్ళు మళ్ళీ చెయ్యడానికి దోహదం చేసేవేంటని పరిశోధించినవాళ్ళ జాబితాల్లో ఒంటరితనం, తోటి పెద్దవాళ్ళతో దగ్గరి సంబంధాలు లేకపోవడం తప్పకుండా ఉంటాయి. అంటే మన తిట్లు ఏ పరిస్థితిలోకి నెడుతున్నాయో, ప్రమాదం పెరిగేదీ సరిగ్గా ఆ పరిస్థితిలోనే. పైగా బయట అన్ని తలుపులూ మూసేశాక ఇంటర్నెట్లో ఒక తలుపు తెరిచే ఉంటుంది. "ఇందులో తప్పేం లేదు, సమాజానిదే తప్పు" అని వీపు నిమిరేవాళ్ళ తలుపు. నాకు అన్నిటికంటే భయం వేసేది అక్కడే.

మా వృత్తిలో ఒక చిన్న అనుభవం. ఒకప్పుడు నేను పనిచేసిన టీములో మేనేజరు బగ్గు చెప్పినవాణ్ణే నిలబెట్టి తిట్టేవాడు. రెండు నెలల్లో మా బగ్గుల పట్టిక ఖాళీ. ఆయన పైవాళ్ళకి గర్వంగా చూపించుకున్నాడు. బగ్గులు ఎక్కడికి పోయాయో రిలీజు రోజున అందరికీ తెలిసింది. పోలిక మోటుగా ఉంది, పిల్లల ప్రాణాలకీ సాఫ్ట్‌వేర్‌కీ సాపత్యం లేదు, తెలుసు. కానీ ఎవరూ వచ్చి చెప్పట్లేదు కాబట్టి మన దగ్గర లేదు అనుకోవడం మాత్రం అచ్చం అదే తప్పు.

గుంపు కోపం ఎంత గురి చూసి కొడుతుందో కూడా ఒక మాట చెప్పుకోవాలి. 2000లో ఇంగ్లండులో ఒక పత్రిక ఇలాంటి నేరస్తుల పేర్లూ ఫోటోలూ అచ్చువేసి ప్రచారోద్యమం నడిపింది. ఆ వేడిలోనే వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో ఒక డాక్టరమ్మ ఇంటి తలుపు మీద ఎవరో తిట్టు రాసి పోయారు. ఆవిడ చేసిన నేరం పీడియాట్రీషియన్ కావడం. రెండు మాటలూ "పీడ్" తోనే మొదలవుతాయి కదా! ఇది నవ్వుకునే కథ. 2013లో బ్రిస్టల్‌లో జరిగింది నవ్వుకునేది కాదు. ఇరాన్ నుంచి వచ్చి బతుకుతున్న ఒక వికలాంగుడు, తన పూలకుండీలు పాడుచేస్తున్న కుర్రాళ్ళని సాక్ష్యం కోసం ఫోటోలు తీశాడు. పిల్లల ఫోటోలు తీస్తున్నాడని పుకారు. పక్కింటివాడు కొట్టి చంపి తగలబెట్టాడు. ఏళ్ళ తరబడి ఆ మనిషి పోలీసులకి మొరపెట్టుకుంటూనే ఉన్నాడు. మన దగ్గర 2018 జూలైలో బీదర్ జిల్లాలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకర్ని పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అని కొట్టి చంపారు. వాళ్ళతో ఉన్నవాళ్ళు దారిలో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు, దానికి వాట్సాప్ పుకారు తోడైంది. అది వేరే రకం పుకారే, కానీ పిల్లల పేరు చెప్పి లేచిన గుంపు ఎవర్ని పట్టుకుంటుందో చూడండి. కొత్తవాణ్ణి, పరాయివాణ్ణి, ఒంటరివాణ్ణి. మా మాస్టారి గుమ్మం దాకా ఏ గుంపూ రాలేదు.

ఇక జర్మనీ వాళ్ళు చేసిన పని. 2005లో బెర్లిన్‌లోని ఛారిటే ఆస్పత్రిలో క్లాస్ బయర్ అనే ఆయన బృందం ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. దాని పేరు డుంకెల్‌ఫెల్డ్, చీకటి క్షేత్రం అని అర్థం. పోలీసుల లెక్కల్లోకి రాని నేరాలని అలా అంటారు. టీవీలో, వీధుల్లో ప్రకటనలు ఇచ్చారు. ఆ ప్రకటనల సారాంశం ఇది: నీకు కలిగే కోరికకి నువ్వు దోషివి కావు, నువ్వు చేసే పనికి మాత్రం నువ్వే బాధ్యుడివి, సాయం దొరుకుతుంది రా. ఖర్చు లేదు, పేరు బయటికి రాదు. జరిగిపోయిన నేరం గురించి పోలీసులకి చెప్పాల్సిన బాధ్యత అక్కడ థెరపిస్టులకి లేదు. జనం వచ్చారు! నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అదే. ఎవరూ పట్టుకోకుండానే, కోర్టు పంపకుండానే, తమంతట తాము. తర్వాత అది దేశంలోని మిగతా నగరాలకీ పాకింది, 2018లో ఖర్చు భరించడానికి ఆరోగ్య బీమా వ్యవస్థ ముందుకొచ్చింది. అక్కడ చేసేది కోరికని మాయం చెయ్యడం కాదు, అది దాదాపుగా మారదనే వాళ్ళూ అంటారు. ఏ పరిస్థితిలో తను ప్రమాదకరంగా మారతాడో గుర్తుపట్టడం, పిల్లలతో ఒంటరిగా ఉండే ఉద్యోగాలకీ సందర్భాలకీ దూరంగా ఉండడం, "ఆ పిల్లకీ ఇష్టమే" లాంటి తప్పుడు నమ్మకాలని పగలగొట్టడం, అవసరమైతే కోరికని తగ్గించే మందులు.

ఫలితాలు ఎలా ఉన్నాయి? ఇక్కడ నిజాయితీగా ఉండాలి. 2015లో వాళ్ళు ప్రచురించిన మొదటి లెక్కలో చికిత్స తీసుకున్నవాళ్ళు 53 మంది, పోల్చడానికి తీసుకున్నవాళ్ళు 22 మంది. చికిత్స తీసుకున్నవాళ్ళలో తప్పుడు నమ్మకాలు తగ్గాయి, తమని తాము అదుపులో పెట్టుకోవడం మెరుగైంది అన్నారు. 2019లో ఇద్దరు జర్మన్ పరిశోధకులే ఆ లెక్కల్ని మళ్ళీ చూసి, తేడా సున్నా కాదని నమ్మకంగా చెప్పలేం అని తేల్చారు. అంత చిన్న గుంపుతో అంతకంటే ఏం తేలుతుంది? స్వీడన్ వాళ్ళు ఇంకాస్త గట్టి పద్ధతిలో చేశారు. కరోలిన్స్కా సంస్థ వాళ్ళు హెల్ప్‌లైన్ ద్వారా వచ్చిన 52 మంది మీద డెగరెలిక్స్ అనే ఇంజెక్షన్ పరీక్షించారు. అసలు మందో ఉత్తుత్తి మందో తెలియకుండా ఇచ్చి చూస్తే, రెండు వారాల్లోనే నేరం చేసే ప్రమాదం సూచించే స్కోరు తగ్గింది. 2020లో వచ్చింది ఆ పేపరు. 2022లో అదే స్వీడన్ నుంచి ఇంకొకటి. పిల్లల మీద అఘాయిత్యాల వీడియోలు చూసేవాళ్ళని డార్క్ వెబ్‌లోనే వెతికి పట్టుకుని, పేరు అడక్కుండా, 160 మంది మీద ఇంటర్నెట్ ద్వారా నడిచే ఒక కోర్సుని పరీక్షించారు. చూసే సమయం తగ్గింది. అద్భుతాలేం కావు. కానీ అటువైపు తగ్గిన ప్రతి గంట వెనకా ఒక పసిబిడ్డ బొమ్మ ఉంది.

"వాళ్ళకి పెట్టే ఖర్చు బాధితులకి పెట్టొచ్చు కదా" అని మా కొలీగ్ ఒకావిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. బాధితులకి మన దగ్గర జరుగుతున్నది చాలా తక్కువ, ఆ ఖర్చు తగ్గించమని నేను చచ్చినా అనను. కానీ బాధితులకి చేసే ఏ సాయమైనా జరగాల్సింది జరిగాక మొదలయ్యేది. మా తమ్ముడు చెరువు గట్టు మీంచి రావడం ఎవరు ఆపగలరు ఇప్పుడు? ఆ మాస్టారికి ఇరవై ఏళ్ళప్పుడు, ట్యూషన్ బోర్డు కట్టకముందు, ఎవరైనా డాక్టరు "నువ్వు జన్మలో పిల్లలకి పాఠాలు చెప్పొద్దు" అని చెప్పి, వారం వారం పిలిపించి కూర్చోబెట్టి ఉంటే? ఆయన వెళ్ళేవాడో లేదో. కానీ వెళ్ళడానికి చోటు మాత్రం లేదు.

ఇంకో విషయం ఉంది, దాన్ని తలుచుకోవడానికి కూడా ఇష్టపడం. అమెరికాలో 2009లో వచ్చిన ఒక ప్రభుత్వ నివేదిక ప్రకారం, మైనర్ల మీద లైంగిక నేరాలు చేసి పోలీసుల దాకా వచ్చినవాళ్ళలో మూడో వంతుకి పైగా వాళ్ళూ మైనర్లే. అంటే మనం "వాళ్ళు" అంటున్నవాళ్ళలో పద్నాలుగేళ్ళ పిల్లలున్నారు. వాళ్ళందరికీ పీడోఫిలియా ఉందని కాదు, చాలామందికి ఉండదు కూడా. కానీ ఎవడో ఒక పిల్లాడు వచ్చి "నాన్నా, నాకు భయంగా ఉంది, నా బుర్రలో ఇలాంటి ఆలోచనలు వస్తున్నాయి" అంటే మనం ఏం చేస్తాం? నేనైతే చెంప పగలగొట్టేవాణ్ణి. వాడు ఇంక జన్మలో నోరెత్తడు.

మన చట్టం సంగతి. పోక్సో 2012 నవంబరులో అమల్లోకి వచ్చింది. మంచి చట్టం. దాంట్లో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం కలిగినా ఎవరైనా సరే పోలీసులకి చెప్పి తీరాలి. జరిగిన నేరం దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. కుటుంబాలు పరువు పేరుతో, స్కూళ్ళు పేరు పోతుందని నేరాలు కప్పిపుచ్చుతున్న దేశంలో ఇది అవసరమే. మా టౌనులో అప్పుడే ఉండి ఉంటే ఏమో! కానీ ఆ "జరగబోతోందన్న భయం" అనే ముక్క ఎంతవరకు సాగుతుంది? ఏ నేరమూ చెయ్యకుండా, చెయ్యకుండా ఉండడానికి సాయం కోరుతూ వచ్చినవాణ్ణి చూసి డాక్టరుకి భయం కలిగినట్టా, కలగనట్టా? ఆకర్షణ ఒక్కటే నేరం కాదు, అది ఖాయం. ఆ పైన అంతా డాక్టరు గుండె ధైర్యం మీద ఆధారపడి ఉంది. ఈ ఒక్క చోట చట్టంలో స్పష్టత ఇస్తే చాలని నా అభిప్రాయం. జరిగిన నేరం దాచమని కాదు, ఎంతమాత్రం కాదు. జరగని నేరం కోసం వచ్చినవాడితో డాక్టరు మాట్లాడవచ్చని రాతపూర్వకంగా ఉండాలి. పుణెలో కేఈఎం ఆస్పత్రి పరిశోధన కేంద్రం వాళ్ళు ఛారిటేతో కలిసి ఇలాంటి నివారణ కార్యక్రమం ఒకటి పెట్టారు, కాబట్టి మన దేశంలో కుదరదనడానికి లేదు.

డాక్టర్లు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడ్డారా? ఆ యాంకె వాళ్ళే శిక్షణలో ఉన్న థెరపిస్టులకి ఈ విషయం మీద పది నిమిషాల పాఠం పెట్టి చూశారు. అసహ్యం తగ్గింది. అలాంటివాళ్ళకి చికిత్స చేస్తారా అంటే మాత్రం ఉత్సాహం పెరగలేదు.

నా ఇంటర్ క్లాస్‌మేట్ ఒకడు సైకియాట్రిస్టు. ఈ టపా రాసేముందు వాడికి ఫోన్ చేశాను. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఇలాంటివాళ్ళు ఎంతమంది వచ్చార్రా అంటే, "ఒక్కడు" అన్నాడు. పేరూ ఊరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నిద్ర పట్టట్లేదని వచ్చాడట. అరగంట నిద్ర గురించే మాట్లాడాడట. లేచి తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "సార్, ఇక్కడ చెప్పింది ఎవరికైనా చెప్తారా?" అన్నాడట.

"నువ్వేమన్నావ్?" అన్నాను.

"ఉన్నది చెప్పాను రా. చాలావరకు చెప్పను, కొన్ని విషయాలైతే చట్టప్రకారం చెప్పాల్సి వస్తుంది అన్నాను. అప్పటికి అతను ఏం అడగబోతున్నాడో నాకు సగం అర్థమైంది. నిజం చెప్పొద్దూ, చెప్పకుండా వెళ్ళిపోతే బాగుండు అనిపించింది."

వచ్చే శుక్రవారానికి అపాయింట్‌మెంట్ రాయించుకుని వెళ్ళాడట. రాలేదు. రిసెప్షన్‌లో అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసిందట. అతనిచ్చిన నంబరులో ఒక అంకె తక్కువ ఉందట.